జంబో ఇంకా ఉందా సామీ? హాంకాంగ్ తేలే హోటల్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో మాది చిన్న టూర్ల ఆఫీసు. మాకు అన్నం పెట్టేది కాశీ, రామేశ్వరం యాత్రలే. ఏడాదికి ఒకటో రెండో బ్యాచ్‌లు సింగపూర్, బ్యాంకాక్, హాంకాంగ్ వైపు పోతాయి. హాంకాంగ్ అనగానే ఎవరో ఒకరు "ఆ నీళ్ల మీద తేలే హోటల్ చూపిస్తారా?" అంటారు. వాళ్ల చుట్టాలెవరో ఒకప్పుడు పోయొచ్చి ఉంటారు, లేదంటే మా పాత కరపత్రం ఇంకా వాళ్ల బీరువాలో పడి ఉంటుంది. ఫోన్లో అదే సంగతి చెప్పీ చెప్పీ గొంతు పోతోంది, అందుకే రాసి పెడుతున్నా. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా పోండి, వరసగా చదవాల్సిన పని లేదు.

## టికెట్ మాట రాకముందే అడిగేవి

జంబో ఇంకా ఉందా సామీ? మా బావమరిది 2010లో పోయొచ్చాడు, ఫోటోలు కూడా ఉన్నాయి.

లేదు. 2020 మార్చిలో కరోనా దెబ్బకు మూతపడింది, మళ్లీ తెరుచుకోలేదు. 2022 జూన్ 14న దాన్ని రేవులోంచి లాక్కుపోయారు. ఐదు రోజులకు దక్షిణ చైనా సముద్రంలో తిరగబడింది. ఏ ఏజెంటైనా మీ ప్రోగ్రాం కాగితంలో "జంబోలో డిన్నర్" అని రాసి ఉంటే అది పాత కాగితమని అర్థం. దాంట్లోని మిగతావి కూడా ఒకటికి రెండుసార్లు అడిగి తెలుసుకోండి.

హోటల్ అంటున్నారు కదా, రాత్రికి రూము దొరికేదా?

ఇది మన మాటతో వచ్చిన తంటా. మన ఊళ్లో ఇడ్లీ అమ్మేదీ హోటలే, రూములిచ్చేదీ హోటలే. జంబో భోజనాల హోటల్ మాత్రమే. తిని, ఫోటోలు దిగి, పడవెక్కి ఒడ్డుకు వచ్చేయడమే. పడక సంగతి ఊళ్లో చూసుకోవాల్సిందే.

అది ఓడా? సముద్రంలో తిప్పుతూ భోజనం పెట్టేవాళ్లా?

తిప్పేవాళ్లు కాదు. దానికి సొంత ఇంజనే లేదు. ఓడ కంటే మన తెప్పను తలుచుకుంటే సులభంగా అర్థమవుతుంది. ఫాల్గుణంలో తిరుమల పుష్కరిణిలో ఐదు రోజులు తెప్పోత్సవం జరుగుతుంది కదా, ఆ తెప్ప తనంతట తాను కదలదు, కదిలిస్తేనే కదులుతుంది. జంబో కూడా అంతే. అడుగున బల్లపరుపుగా ఉండే పెద్ద ఇనప బార్జి, దాని మీద మూడంతస్తుల రాజభవనం. ఒకచోట లంగరు వేసి కట్టేశారు. జరపాలంటే టగ్ పడవ వచ్చి లాగాల్సిందే.

ఎంత పెద్దదేంటి?

పొడవు సుమారు 76 మీటర్లు, లోపలి జాగా సుమారు 45 వేల చదరపు అడుగులు. ఒకేసారి 2,300 మంది కూర్చుని తినొచ్చు. ఆ అంకె చెబితే ఎవరికీ కంటికి ఆనదు. కొండ మీద వెంగమాంబ అన్నప్రసాద భవనంలో ఒక్కో హాల్లో వెయ్యి మంది దాకా కూర్చుంటారు కదా, అట్లాంటి హాళ్లు రెండు నిండిపోయినా ఇంకా మూడొందల మందికి చోటు మిగిలేదన్నమాట. అదంతా నీళ్ల మీద.

## ఎట్లా పుట్టింది

నీళ్ల మీద హోటల్ పెట్టాలని ఎవరికి తోచింది? ఒడ్డున స్థలం లేకనా?

స్థలం లేక కాదు, మనుషులే నీళ్ల మీద ఉండేవాళ్లు కాబట్టి. హాంకాంగ్ దీవికి దక్షిణాన అబర్డీన్ అనే రేవు ఉంది. అక్కడివాళ్లు దాన్ని తమ భాషలో "చిన్న హాంకాంగ్" అంటారు. అందులో తంకా అనే జాలరి జనం తరతరాలుగా పడవల్లోనే కాపురం చేశారు. పుట్టడం, వండుకోవడం, పిల్లల్ని పెంచడం అన్నీ పడవలోనే. పెళ్లి వస్తే మాత్రం ఇంటి పడవ చాలదు కదా? అందుకని విందుల కోసం పాటలూ భోజనాలూ ఉండే పెద్ద పడవలను మాట్లాడుకునేవాళ్లు. మనం కల్యాణ మండపం బుక్ చేసుకున్నట్టు అనుకోండి, కాకపోతే వాళ్ల మండపం తేలుతుంది.

ఆ విందు పడవలే మెల్లగా హోటళ్లయ్యాయి. జాలర్లు అప్పుడే పట్టి తెచ్చిన చేపను అక్కడే వండి పెడతారని ఊళ్లోవాళ్లు రావడం మొదలుపెట్టారు, వాళ్ల వెనక విదేశీయులు వచ్చారు. కాలం గడిచేకొద్దీ పడవల జనం ప్రభుత్వ ఫ్లాట్లలోకి మారిపోయారు. హోటళ్లు మాత్రం నీళ్ల మీదే ఉండిపోయాయి. నాకు ఈ కథలో అన్నిటికంటే చిత్రంగా తోచేది ఇదే. ఎవరి బతుకులోంచి ఆ హోటల్ పుట్టిందో వాళ్లు ఒడ్డెక్కేశాక, వాళ్ల పెళ్లి పడవ టూరిస్టుల పాలైంది.

తై పాక్ అని ఇంకో పేరు వినిపిస్తుంది. అదీ జంబో ఒకటేనా?

వేరు వేరు. తై పాక్ జంబో కంటే పెద్దక్క, 1950ల మొదట్లో మొదలైంది. తర్వాత సీ ప్యాలెస్ అని ఇంకొకటి. జంబో అందరికంటే చిన్నది, ఆకారంలో మాత్రం అందరికంటే పెద్దది. 1980ల్లో తై పాక్ కూడా జంబో యాజమాన్యం కిందికే వచ్చింది, రెండూ పక్కపక్కనే ఉండేవి. సీ ప్యాలెస్‌ను తర్వాత ఫిలిప్పీన్స్‌లోని మనీలాకు తరలించారు.

పేరు గురించి ఒక ముచ్చట. తై పాక్ అంటే చైనా మహాకవి లీ పోకు ఉన్న మరో పేరు. ఆయన ఒక రాత్రి తాగిన మైకంలో పడవలోంచి వంగి, నీళ్లలో కనబడే చందమామను పట్టుకోబోయి మునిగిపోయాడని అక్కడ ఒక కథ చెబుతారు. నీళ్ల మీద హోటల్‌కు ఆ పేరు పెట్టడానికి గుండె ధైర్యం ఉండాలి.

తెరవకముందే ఒకసారి కాలిపోయిందంట, నిజమేనా?

నిజం, చిన్న ప్రమాదం కూడా కాదు. 1971 అక్టోబరు 30న, ఇంకా పనులు జరుగుతూ ప్రారంభానికి దగ్గరపడిన సమయంలో మంటలంటుకున్నాయి. 34 మంది చనిపోయారు, 42 మంది గాయపడ్డారు. ఆ మొదటి జంబో ఒక్క భోజనం కూడా వడ్డించకుండానే పోయింది. జనం గుర్తుంచుకున్నదీ, ఫోటోల్లో కనబడేదీ దాని తర్వాత మళ్లీ కట్టింది.

మళ్లీ కట్టిన డబ్బు ఎవరిది?

ముఖ్యంగా ఇద్దరిది. ఒకరు మకావు జూదశాలల అధిపతి స్టాన్లీ హో. రెండోవారు చౌ తై ఫూక్ నగల వ్యాపారంతో ఎదిగిన చెంగ్ యూ తుంగ్. కాలిపోయినదాన్ని వీళ్లు చేతుల్లోకి తీసుకుని, 3 కోట్ల హాంకాంగ్ డాలర్ల పైన ఖర్చు పెట్టి కొత్తది కట్టించారు. 1976 అక్టోబరులో తెరిచారు. పేకాట డబ్బు, బంగారం డబ్బు కలిస్తే హోటల్‌కు అంత తళుకు రావడంలో ఆశ్చర్యం లేదు.

## బాగా నడిచిన రోజులు

భోజనానికి అంత దూరం ఎందుకు పోయేవాళ్లు? లోపల ఏముండేది?

తిండి సగమే, మిగతా సగం వేషం. మింగ్ వంశపు చక్రవర్తుల భవనం నమూనాలో కట్టారు. ఎర్ర స్తంభాలు, ఆకుపచ్చ పెంకుల చూరులు, గోడల నిండా డ్రాగన్లు. లోపల బంగారు రంగు డ్రాగన్ సింహాసనం. చక్రవర్తి బట్టలు అద్దెకు తీసుకుని దాని మీద కూర్చుని ఫోటో దిగొచ్చు. చీకటి పడితే ఆ భవనమంతా దీపాలు వెలిగేవి, కింద నీళ్లలో ఇంకో భవనం తలకిందులుగా కనబడేది.

మొదటిసారి బ్యాచ్‌ను తీసుకుపోయినప్పుడు మా రిటైర్డ్ హెడ్‌మాస్టరు గారొకరు పడవలోంచి దాన్ని చూసి, "ఇదేందప్పా, బ్రహ్మోత్సవాల లైటింగ్ మాదిరి ఉండాదే!" అన్నారు. ఆ తర్వాత ఎంత వర్ణించినా ఇంతకంటే బాగా చెప్పడం నాకు చేతకాలేదు. హోటల్ వాళ్ల లెక్క ప్రకారం మొత్తం 3 కోట్ల మందికి పైగా వచ్చారు. ఎలిజబెత్ రాణి వచ్చింది, హాలీవుడ్ నటుడు టామ్ క్రూజ్ వచ్చాడు.

గట్టు నుంచి హోటల్‌కు ఎట్లా పోయేవాళ్లు? పడవకు వేరే టికెట్టా?

టికెట్ లేదు. ఒడ్డు నుంచి హోటల్ వాళ్ల చిన్న పడవలు ఉచితంగా తిరిగేవి. రెండుమూడు నిమిషాల ప్రయాణం. మా వాళ్లలో సగం మందికి భోజనం కంటే ఆ పడవే నచ్చేది, తిరిగి వచ్చాక "ఇంకోసారి పోదామా" అని అడిగినవాళ్లు కూడా ఉన్నారు.

మేము శాకాహారులం. మాలాంటి వాళ్లు అక్కడ ఏం తినేవాళ్లు?

ఉన్నమాట చెబుతా. జంబోకు పేరు తెచ్చింది సముద్రపు తిండి. తొట్లలో ప్రాణంతో ఉన్న చేపలు, రొయ్యలు, పీతలు పెట్టి, మీరు ఏది చూపిస్తే అది వండేవాళ్లు. పగటిపూట ఆవిరి మీద ఉడికించిన డిమ్ సమ్ ఉండేది. ఆ తొట్ల పక్కగా నడుస్తూ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్న మా అత్తమ్మలను నేను మరిచిపోలేను. అందుకే శాకాహారుల బ్యాచ్ అయితే అక్కడ ఫోటోలు, టీ వరకే. భోజనం మాత్రం కౌలూన్ వైపు ఉన్న భారతీయ హోటళ్లలో పెట్టించేవాళ్లం.

జంబో కింగ్‌డమ్ అంటే ఇంకో హోటలా?

అదే. 2003లో మరమ్మతులు చేసి, హంగులు పెంచి ఆ పేరు పెట్టారు. పాతవాళ్లు జంబో అనే అన్నారు.

## మూత పడి, లాక్కుపోయేదాకా

కరోనా లేకుంటే ఇప్పటికీ నడిచేదేనా?

నాకు ఆ నమ్మకం లేదు. కరోనా చివరి దెబ్బ మాత్రమే. 2013 నుంచే నష్టాల్లో ఉందనీ, ఆ నష్టాలు కలిపితే 10 కోట్ల హాంకాంగ్ డాలర్లు దాటాయనీ యజమాని కంపెనీయే చెప్పింది. ఒడ్డు మీది హోటల్ మూసేస్తే తాళం వేసి పోవచ్చు. తేలే హోటల్‌కు తాళం వేసినా ఖర్చు ఆగదు. ఉప్పునీళ్లు ఇనుమును రాత్రీపగలూ తింటూనే ఉంటాయి. అడుగు భాగం తనిఖీ చేయించాలి, లైసెన్సు తిప్పి రాయించుకోవాలి, కాపలా పెట్టాలి. గిరాకీ లేకున్నా మేత వేయాల్సిన ఏనుగు అది. జంబో అన్న పేరు దానికి సరిగ్గా సరిపోయింది.

ఊరికే ఇస్తామన్నా ఎవరూ తీసుకోలేదంట?

అవును. 2020 నవంబరులో హాంకాంగ్ పాలనాధికారి క్యారీ లామ్ తన విధాన ప్రసంగంలో దీన్ని ప్రస్తావించారు. దగ్గర్లోనే ఉన్న ఓషన్ పార్క్ అనే వినోదాల పార్కుకు జంబోను ఉచితంగా ఇచ్చేసి, కొత్తగా నడిపించే ఆలోచన చెప్పారు. ఓషన్ పార్క్ నడిపేవాళ్ల కోసం వెతికింది, తగినవాళ్లు దొరకలేదు. పదికి పైగా సంస్థలను అడిగినా మరమ్మతు ఖర్చు చూసి వెనక్కి తగ్గాయని కంపెనీ చెప్పింది. ప్రభుత్వం కూడా డబ్బు పెట్టనంది.

"ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య" అని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. నలభై ఏళ్లు హాంకాంగ్ పోస్టుకార్డుల మీద జంబో బొమ్మ ఉంది. ఆదుకోవాల్సిన రోజు వచ్చేసరికి అందరూ లెక్కల పుస్తకం తీశారు. ఆ లెక్క తప్పని నేను అనను. నన్ను అడిగినా నేనూ తీసుకునేవాణ్ని కాదు.

లాక్కుపోకముందే వంటగది ఒరిగిందంట, అదేం కథ?

జంబో వంటగది హోటల్ లోపల ఉండేది కాదు, వెనక విడిగా ఇంకో బార్జి మీద ఉండేది. 2022 మే 31 రాత్రి ఆ వంట బార్జిలోకి నీళ్లు చేరి ఒక పక్కకు ఒరిగిపోయింది. అడుగున ఎక్కడో పగులిచ్చిందని వార్తలు వచ్చాయి. 2021 నవంబరు వానలకు మన రాయలచెరువు కట్టకు లీకు పడి చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయించింది మీకు గుర్తుండే ఉంటుంది. నీళ్లకు సందు దొరికితే చాలు, అది చిన్నదా పెద్దదా అని చూడవు. రెండు వారాలకు పెద్ద బార్జి కూడా రేవు విడిచింది.

అసలు మునిగిందా, తిరగబడిందా? ఒక్కో పేపర్లో ఒక్కో మాట.

తిరగబడింది అన్నది కంపెనీ మాట. 2022 జూన్ 18న పారాసెల్ దీవుల దగ్గర సముద్రం బాగాలేక లోపలికి నీళ్లు చేరి ఒరగడం మొదలైందనీ, 19న తిరగబడిందనీ 20వ తేదీ ప్రకటనలో చెప్పింది. అక్కడ లోతు వెయ్యి మీటర్లు దాటుతుంది, పైకి తీయడం చాలా కష్టమని కూడా అన్నది. వెయ్యి మీటర్ల మాట వినగానే ప్రపంచంలోని పేపర్లన్నీ "మునిగిపోయింది" అని రాసేశాయి. నాలుగు రోజులయ్యాక కంపెనీ మళ్లీ, "మేము తిరగబడిందన్నాం, మునిగిందనలేదు" అంది.

మన ఇళ్లల్లో పిల్లలు బోర్లాపడితే బొబ్బట్లు చేసి పంచుతారు. నడిసముద్రంలో మూడంతస్తులు బోర్లాపడితే దాన్ని మునక అనాలా వద్దా అని వాదించుకోవడానికి నాకైతే ఓపిక లేదు. అందులో ఇక ఎవరూ భోంచేయరు.

నలభై ఏళ్ల తుఫాన్లకు కూడా కదలనిది, నాలుగు రోజుల ప్రయాణానికే ఎట్లా తిరగబడింది?

అది ఉన్న చోటు చూడండి. అబర్డీన్‌లో దాన్ని కట్టేసింది తుఫాను వేళ పడవలు తలదాచుకునే రేవులో. అలలను ఆపే గోడలు, చుట్టూ కొండలు. అలాంటి నీళ్ల కోసం చేసిన వస్తువు అది. అడుగు బల్లపరుపు, పైన మూడంతస్తుల బరువు. ఆ గోడలు గాలికి తెరచాప మాదిరి అడ్డం నిలబడతాయి.

నడిసముద్రంలో ఇంకో చిక్కుంది. వెడల్పాటి పళ్లెంలో కాసిన్ని నీళ్లు పోసి పట్టుకుని నడిచి చూడండి. కొంచెం వంగితే చాలు, నీళ్లన్నీ ఆ పక్కకే పరుగెడతాయి, బరువు అటే పడి పళ్లెం ఇంకా వంగుతుంది. వెడల్పాటి బార్జి లోపలికి నీళ్లు చేరితే జరిగేదీ అదే. ఒరిగిన వైపుకే నీళ్లు చేరి ఇంకా ఒరిగేలా చేస్తాయి. ఒక దశ దాటితే మళ్లీ నిలబెట్టలేరు. పుష్కరిణిలో హాయిగా తిరిగే తెప్పను తెచ్చి చెన్నై మెరీనా ముందు అలల్లో వదిలితే ఏమవుతుందో ఊహించుకోండి.

లోపల ఎవరైనా ఉన్నారా? ప్రాణాలు పోయాయా?

ఎవరికీ ఏమీ కాలేదు. అప్పటికది ఖాళీ బార్జి.

ఇన్సూరెన్స్ కోసం కావాలనే ముంచేశారని వాట్సాప్‌లో వచ్చింది. నిజమా?

వాట్సాప్‌లో జంబో ఒక్కటే కాదు, తిరుమల కొండ మీద కూడా రోజుకొకటి వస్తుంది. అనుమానాలు హాంకాంగ్‌లో కూడా గట్టిగానే వినబడ్డాయి. అక్కడి సముద్ర రవాణా విభాగం కంపెనీని రాతపూర్వకంగా వివరణ అడిగింది. బయల్దేరే ముందు ఇంజనీర్లతో తనిఖీ చేయించామని కంపెనీ చెప్పుకుంది. నేను టూర్లు నడిపేవాణ్ని, పోలీసును కాదు. రుజువు లేని మాట మా ఆఫీసు కాగితం మీదికి ఎక్కదు.

## ఇప్పుడు పోతే

జంబో లేకపోతే అబర్డీన్ వైపు పోవడం దండగేనా?

నన్నడిగితే పోవాలి. సాంపాన్ అనే చిన్న పడవలు ఇంకా తిరుగుతున్నాయి, ఎక్కి రేవంతా చుట్టి రావచ్చు. ఒక పక్క చేపల పడవలు, ఇంకో పక్క కోటీశ్వరుల తెల్లని విహార నౌకలు, వెనక ఆకాశాన్నంటే ఫ్లాట్లు. ఎదురుగా ఆప్ లే చౌ దీవి. 2016 చివర మెట్రో కూడా అటు వచ్చింది, ఓషన్ పార్క్‌కు పోయేవాళ్లు అదే రోజు దీన్నీ కలుపుకోవచ్చు. పడవ నడిపే అవ్వను "జంబో ఎక్కడ ఉండేది?" అని అడగండి. ఆ ఒక్క మాట ఏ భాషలో అడిగినా అర్థమవుతుంది, ఖాళీ నీళ్ల వైపు చెయ్యి చూపిస్తుంది.

వీసా కావాలా? ఇక్కడి నుంచి ఎట్లా పోవాలి?

భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు బయల్దేరే ముందు ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి, రుసుము లేదు. అది ఆమోదమైతే 14 రోజుల దాకా వీసా లేకుండా ఉండొచ్చు. పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు కొట్టండి, ఇంటిపేరు దగ్గరే మనవాళ్లు తప్పు చేసేది. మేమైతే రేణిగుంట నుంచి కాకుండా బస్సులో చెన్నై పోయి అక్కడ విమానం ఎక్కిస్తాం.

మన తిరుపతిలో ఇట్లాంటి తేలే హోటల్ ఒకటి పెడితే నడవదా అన్నా?

దేని మీద తేలాలి తమ్ముడూ? స్వర్ణముఖిలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుక, ముళ్లకంపే కదా కనబడేది. వచ్చినప్పుడు 2021 నవంబరులో వచ్చినట్టు ఊరి మీదికే వస్తుంది. అప్పుడు తిరుపతి వీధుల్లో కార్లే తేలాయి.

మా నాన్న అక్కడ చక్రవర్తి వేషంలో సింహాసనం మీద దిగిన ఫోటో ఉంది. రంగు పోతోంది, ఏం చేయాలి?

ఆల్బమ్ ప్లాస్టిక్‌కు అతుక్కుపోకముందే మెల్లగా బయటికి తీయండి. అప్పటికే అతుక్కుపోయి ఉంటే లాగొద్దు, ఆల్బమ్‌తో సహా స్టూడియోకు పట్టుకుపోయి స్కాన్ చేయించండి. వెనక మెత్తటి పెన్సిల్‌తో ఏ సంవత్సరమో, పక్కన ఉన్నది ఎవరో రాయండి. మీకు తెలియకపోతే నాన్నను ఇప్పుడే అడగండి. మా ఆఫీసు గోడ మీద కూడా అట్లాంటిదొకటి ఉంది. ఒంటి మీద పసుపుపచ్చ చైనా అంగరఖా, నుదుట నిలువు నామం, చేతిలో ఎక్కడా వదలని గుడ్డ సంచి. సంచి పక్కన పెట్టమని ఫోటోగ్రాఫర్ ఎంత సైగ చేసినా ఆయన పెట్టలేదు. అందులో పులిహోర ఉంది.